ఈ ముక్క ఏ జీవిది?

(వినియోగదారులు, మాంసం వ్యాపారులు కలిసి ఏర్పాటు చేసుకున్న సభలో ఒక పశువైద్య శాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు వరసలో మాంసం కొట్లవాళ్లు కూర్చున్నారు, వెనక వరసల్లో కొనేవాళ్లు. ఇద్దరూ ఒకే చోట ఉన్నప్పుడు ఈ విషయం మాట్లాడటం నాకు సంతోషం. కల్తీ అనే మాట చెవినబడితే కొనేవాళ్లకు అనుమానం, అమ్మేవాళ్లకు గుబులు. నేను చెప్పబోయే పరీక్ష మీ ఇద్దరికీ పనికొచ్చేది.

మా చిన్నప్పుడు ఆదివారం పొద్దున్నే మా నాన్నగారు నన్ను మటన్ కొట్టుకు వెంటబెట్టుకుని వెళ్లేవారు. కొక్కేనికి వేలాడుతున్న యాటను అటూ ఇటూ తిప్పి చూసేవారు. తోక ఉందా, వృషణాలు ఉన్నాయా. పొట్టేలే అని మనసు కుదుటపడ్డాకే "తొడలో అర కిలో కొట్టు బాబూ" అనేవారు. ఆయన పరీక్ష అది. మంచి పరీక్షే. జంతువు మొత్తం కళ్లెదుట ఉంటే అబద్ధానికి చోటెక్కడిది? అదే మాంసం ఖీమా అయిందనుకోండి, కబాబ్ అయిందనుకోండి, పచ్చడి సీసాలోకి ఎక్కిందనుకోండి. తోకా లేదు, తొడా లేదు. మసాలా వాసన తప్ప ముక్క వాసన కూడా లేదు. అమ్మేవాడు చెప్పిన పేరే దాని పేరు. మా నాన్నగారి పరీక్ష ఆగిపోయిన ఆ చోటే డీఎన్‌ఏ పరీక్ష మొదలవుతుంది.

ఐర్లండ్‌లో ఏం జరిగిందో కాస్త వివరంగా చెబుతాను. ఈ విషయంలో నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క కథలో ఉంది. 2012 చివర్లో ఆ దేశపు ఆహార భద్రతా సంస్థ సూపర్‌మార్కెట్లలో గొడ్డు మాంసం బర్గర్లు కొని పరీక్షకు పంపింది. ఎవరూ వాటిని తిని జబ్బుపడి ఆసుపత్రికి రాలేదు. మామూలు తనిఖీయే. కాకపోతే ఆవు, పందితో పాటు గుర్రం జాడ కూడా చూడమన్నారు. డబ్లిన్ ప్రయోగశాల నుంచి వచ్చిన ఫలితం నమ్మశక్యంగా లేదు. జర్మనీలోని ఇంకో ప్రయోగశాలకు పంపి మళ్లీ చేయించారు. 2013 జనవరి 15న ప్రకటించారు. 27 బర్గర్ ఉత్పత్తుల్లో 10 ఉత్పత్తుల్లో గుర్రం డీఎన్‌ఏ ఉంది. 23 ఉత్పత్తుల్లో పంది డీఎన్‌ఏ ఉంది. గుర్రం దొరికిన పదింటిలో తొమ్మిదింట అది లేశమాత్రమే. ఒకదానిలో మాత్రం, గొడ్డు మాంసంతో పోల్చి లెక్క కడితే 29 శాతం.

మరుసటి నెలకల్లా బ్రిటన్‌లో గొడ్డు మాంసం లసాన్యా (పొరలు పొరలుగా చేసే ఒక ఇటలీ వంటకం) అని అమ్మిన పొట్లాల్లో 60 నుంచి 100 శాతం దాకా గుర్రమే బయటపడింది. ఐరోపా సంఘం 27 దేశాల్లోనూ తనిఖీ పెట్టించింది. గుర్రం డీఎన్‌ఏ కోసం 4,144 నమూనాలు చూస్తే 193 దొరికాయి. ఆ మాంసం ఎటునుంచి వచ్చిందని ఆరా తీస్తే, రుమేనియా కబేళా నుంచి బయల్దేరినప్పుడు దానిమీద గుర్రం అనే రాసి ఉంది. దారిలో కాగితం మారింది. మధ్యలో సరుకు చేతులు మార్చిన ఒక వ్యాపార సంస్థ పేరు డ్రాప్. డచ్చి భాషలో గుర్రాన్ని పార్డ్ అంటారు. ఆ అక్షరాలను వెనకనుంచి చదివితే డ్రాప్ అవుతుంది.

అంతకుముందు కూడా బర్గర్లను తనిఖీ చేసేవాళ్లు. క్రిములున్నాయా, కొవ్వు ఎంత, ఉప్పు ఎంత అని చూసేవాళ్లు. గుర్రం ఉందేమోనని ఎవరికీ తట్టలేదు, కాబట్టి కనబడలేదు. ప్రయోగశాలలో ఇన్నేళ్లు పనిచేశాక నాకు అర్థమైంది ఇదే: అడగని ప్రశ్నకు ఏ పరీక్షా జవాబు చెప్పదు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఇక పరీక్ష ఎలా చేస్తారో చూద్దాం. మాంసం ముక్కలో ప్రతి కణంలోనూ డీఎన్‌ఏ రెండు చోట్ల ఉంటుంది. కేంద్రకంలో ఉండేది మహాగ్రంథం, దాదాపు 300 కోట్ల అక్షరాలు. అయితే కణానికి దాని ప్రతులు రెండే. కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో ఉండేది చిన్న పుస్తకం, 16,500 అక్షరాలకు అటూ ఇటూ. దాని ప్రతులు ఒక్కో కణంలో వందలు, వేలు. పైగా అది ఉంగరంలా గుండ్రంగా ఉంటుంది. మాంసం ఉడికినా, ఎండినా, నలిగినా వేల ప్రతుల్లో ఎక్కడో ఒకచోట మనకు కావలసిన పేజీ చిరగకుండా మిగులుతుంది. జీవిని గుర్తించడానికి ఎక్కువగా ఈ చిన్న పుస్తకాన్నే తెరుస్తాం.

మిగిలిన పేజీకి నకళ్లు తీయాలి. దానికే పీసీఆర్. అమెరికాలో క్యారీ మల్లిస్ అనే ఆయనకు 1983లో తట్టిన ఆలోచన, 1993లో నోబెల్ తెచ్చిపెట్టింది. నమూనాను 95 డిగ్రీల దాకా వేడిచేస్తే డీఎన్‌ఏ పేటలు విడిపోతాయి. 55 డిగ్రీల దరిదాపులకు దించితే ప్రైమర్లు అనే చిన్న తునకలు, ఇరవై అక్షరాల పాటివి, తమకు జోడీ ఉన్న చోటే వెళ్లి అతుక్కుంటాయి. 72 డిగ్రీల దగ్గర ఎంజైమ్ అక్కడి నుంచి నకలు రాసుకుంటూ పోతుంది. ఒక చుట్టు తిరిగేసరికి ఒకటి రెండవుతుంది, ఇంకో చుట్టుకు నాలుగు. 30 చుట్లు సరిగ్గా నడిస్తే ఒక్క ప్రతి 107 కోట్లు దాటుతుంది. మామూలు ఎంజైమ్ అంత వేడికి కోడిగుడ్డులా ఉడికి గట్టిపడిపోతుంది. పీసీఆర్‌లో వాడే ఎంజైమ్ అమెరికాలోని యెల్లోస్టోన్ వేడినీటి ఊటల్లో బతికే బాక్టీరియాది కాబట్టి తట్టుకుంటుంది. ఆ ఊటల్లో ఆ సూక్ష్మజీవిని వెతికి పట్టుకున్నవాళ్లకు ఖీమా ధ్యాసే లేదు. ఇవాళ మన ఖీమా నిజం దాని చేతిలో ఉంది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యమే.

ఇంతకుముందు పరీక్షలు లేవా అంటే, ఉన్నాయి. జర్మనీలో ఊలెన్‌హూట్ 1901లోనే రక్తపు మరక మనిషిదా, జంతువుదా అని సీరంతో చెప్పే పద్ధతి కనిపెట్టారు. మాంసానికీ దాన్నే వాడారు. అది ప్రొటీన్లను పట్టుకుంటుంది. పచ్చి మాంసం వరకు బాగానే పనిచేస్తుంది గానీ, ఉడికితే ప్రొటీన్ల రూపు మారిపోతుంది. గొర్రె, మేక దగ్గరి చుట్టాలు. ఆవు, గేదె కూడా అంతే. అలాంటి జంటల దగ్గర ఆ పరీక్ష తడబడేది.

ఇప్పుడు మళ్లీ ప్రశ్న దగ్గరికి వద్దాం. ప్రైమర్లు రెండు రకాలు. మొదటి రకం "ఇందులో గొర్రె ఉందా?" అని మాత్రమే అడుగుతుంది. ఉంటే నకళ్లు వస్తాయి, లేకపోతే రావు. మేక, ఆవు, గేదె, పంది, కోడి, ఒక్కోదానికి ఒక్కో జత. అయిదు జతలు వేసి చూశామంటే అయిదు జీవుల గురించే తెలిసింది. ఆరోది గాడిద అయితే అది దర్జాగా దాటిపోతుంది.

రెండో రకం "ఇది ఏ జీవిది?" అని అడుగుతుంది. దీంట్లో మన హైదరాబాద్ పాత్ర పెద్దది. ఇక్కడి జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలో శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, సునీల్ కుమార్ వర్మ సైటోక్రోమ్ బి అనే జన్యువులో ఒక చోటు పట్టుకున్నారు. ఆ చోటికి అటూ ఇటూ ఉన్న అక్షరాలు దాదాపు అన్ని జంతువుల్లోనూ ఒకటే. మధ్యలోవి మాత్రం జీవిని బట్టి మారతాయి. అటూ ఇటూ ప్రైమర్లు పెట్టి, మధ్యలోది చదివి, తెలిసిన జీవులతో పోల్చుకుంటే సరి. 2003లో ఆ పద్ధతిని ప్రచురించారు. పులి గోరో, జింక మాంసమో అటవీశాఖవాళ్లకు దొరికినప్పుడు అది దేనిదో తేల్చడానికి ఇలాంటి పద్ధతే ఆధారం. అదే ఏడాది కెనడాలో పాల్ హెబర్ట్ ఇంకో జన్యువులో 650 దాకా అక్షరాల ముక్కను తీసుకుని దానికి డీఎన్‌ఏ బార్‌కోడ్ అని పేరు పెట్టారు. మాంసం విషయంలోనే పనిచేసే జాతీయ సంస్థ కూడా మనకు దగ్గర్లోనే, హైదరాబాద్ శివార్లలోని చెంగిచెర్లలో ఉంది.

రెండో రకానికీ ఒక లోపం ఉంది. నాలుగు జంతువుల మాంసం కలిసిన ఖీమాలో ఈ ప్రైమర్లు వేస్తే, ఎక్కువున్న దాని గొంతే గట్టిగా వినిపిస్తుంది. చిన్న గొంతులు వినాలంటే విడివిడిగా అడగాలి. లేదా నకళ్లన్నిటినీ ఒక్కొక్కటిగా చదివే కొత్త యంత్రాల మీద పెట్టాలి, ఖర్చు ఎక్కువ. అడగడంలో ఉన్న తేడా దక్షిణాఫ్రికాలో బాగా కనబడింది. స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయంవాళ్లు 139 మాంసం ఉత్పత్తులు చూస్తే 95 ఉత్పత్తుల్లో చీటీ మీద లేని జీవులో, మొక్కల పిండో బయటపడ్డాయి. గాడిద, గేదె, మేక కూడా దొరికాయి. ఒక్క పంది కోసమే వెతికి ఉంటే ఆ గాడిద సంగతి ఎవరికి తెలిసేది?

గాడిద అన్నాను కాబట్టి మన ముచ్చట చెప్పాలి. కోస్తా జిల్లాల్లో కొన్నిచోట్ల బలం వస్తుందని, ఉబ్బసం తగ్గుతుందని నమ్మి గాడిద మాంసం కొంటారు. తెలిసే కొంటారు కాబట్టి అక్కడ కల్తీ ప్రశ్న లేదు. అయితే మన ఆహార నిబంధనల్లో తినదగిన జంతువుల జాబితాలో గాడిద లేదు, కాబట్టి ఆ అమ్మకం చట్టవిరుద్ధం. పరిశీలించి కోసే కబేళా అనేది దానికి ఉండదు. అది రేపు వేరే మాంసంలో కలిస్తే పట్టుకోవాలంటే, మన ప్రశ్నల పట్టీలో గాడిద పేరు ముందే ఉండాలి.

మసాలా పడ్డాక డీఎన్‌ఏ మిగులుతుందా అని చాలామంది అడుగుతారు. మన హలీమ్ తీసుకోండి. 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వంటకం. రాత్రంతా ఉడుకుతుంది, కర్రలతో మెదుపుతారు, గోధుమా మాంసమూ ఒకటైపోతాయి. అందులో కూడా జీవిని గుర్తించవచ్చు. పొడుగు ముక్కలు విరిగిపోతాయి కాబట్టి నూటయాభై అక్షరాల పొట్టి తునకల్ని వెతుకుతాం. కష్టమల్లా పచ్చళ్లతోనే. అమెరికాలో పిల్లలకు పంపే గోంగూర మటన్ పచ్చడి ఉందే, దాంట్లో నూనె, కారం, పులుపు మూడూ ఉన్నాయి. పులుపూ వేడీ కలిస్తే డీఎన్‌ఏ మరీ నలుగుతుంది. నూనె, మసాలా ఎంజైమ్‌కు అడ్డుపడతాయి. ముక్కల్ని కడిగి, లోపలి భాగం కోసి తీసుకుంటాం. ప్రతి గొట్టంలోనూ మాకు ముందే తెలిసిన ఒక డీఎన్‌ఏ కూడా కలిపి, దానికి నకళ్లు వచ్చాయా అని చూస్తాం. అదీ రాకపోతే ఆ పరీక్ష నడవనే లేదన్నమాట. నడవని పరీక్షకు "ఏమీ దొరకలేదు" అని నివేదిక ఇస్తే మోసం చేసినట్టే.

ఇప్పుడు ఈ పరీక్ష చేయలేని పనులు. ఇది దాచిపెడితే నన్ను నమ్మకండి.

నాటుకోడి అని డబ్బు పోసి కొంటారు. ఇంటికొచ్చాక ముక్క గట్టిగా ఉంటే నాటుకోడే అనుకుంటారు. గుడ్లు పెట్టి పెట్టి ముసలిదైన ఫారం కోడి ముక్క కూడా గట్టిగానే ఉంటుంది. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ కూడా చూడటానికి నాటుకోళ్లలాగే ఉంటాయి. జీవిని చెప్పే పరీక్షకు ఇవన్నీ ఒకటే జవాబు: కోడి. జాతిలోపలి రకం తేల్చాలంటే కేంద్రకంలోని మహాగ్రంథం తెరిచి ఎన్నో చోట్ల పోల్చాలి. అడవిపంది, ఊరపంది కూడా ఒకే జీవి. అదీ అంతే.

మా నాన్నగారి ప్రశ్న, పొట్టేలా గొర్రెనా అన్నది, మన ఊళ్లలో తగాదాలు ఎక్కువగా వచ్చేది దీనిమీదే. మైటోకాండ్రియాకు మగా ఆడా తేడా తెలియదు. వై క్రోమోజోమ్ కోసం విడిగా అడగాలి. ముక్కకైతే ఆ జవాబు సరిపోతుంది. ఖీమాలో వై దొరికిందంటే మగది ఉందని తెలుస్తుంది గానీ, ఆడది కలవలేదని దాని అర్థం కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆ జంతువు ఎలా చచ్చిందో డీఎన్‌ఏ చెప్పదు. 2018 ఏప్రిల్‌లో కలకత్తా దగ్గర చచ్చిన పశువుల్ని పారేసే చోటి నుంచి మాంసం ఎత్తుకెళ్లి అమ్ముతున్న ముఠాను పట్టుకున్నారు. చచ్చిన గొర్రెదీ, కోసిన గొర్రెదీ డీఎన్‌ఏ ఒకటే. ఐరోపాలో కూడా గుర్రం తిన్నందుకు కాదు అసలు భయం. గుర్రాలకు వేసే ఫినైల్‌బ్యూటజోన్ అనే నొప్పి మందు మనుషుల కడుపులోకి వెళుతుందేమోనని. దానికి వేరే రసాయన పరీక్షలు చేశారు. 3,115 చేస్తే 16 నమూనాల్లో మందు దొరికింది. కబేళాలో పశువైద్యుడు కళ్లతో చూసి వేసే ముద్రకు డీఎన్‌ఏ ప్రత్యామ్నాయం కాదు.

ఇక అమ్మేవాళ్ల సంగతి. 2018 నవంబరులో రాజస్థాన్ నుంచి రైల్లో చెన్నై ఎగ్మూరు స్టేషన్‌కు వచ్చిన రెండు వేల కిలోల పైచిలుకు మాంసాన్ని, కుక్క మాంసమేమోనన్న అనుమానంతో పట్టుకున్నారు. పరీక్ష జరగకముందే అది కుక్కదేనని ఊరంతా పాకింది. కొద్దిరోజులకు మద్రాసు పశువైద్య కళాశాలలో పరీక్షిస్తే కుక్కది కాదని తేలింది. పుకారు వెళ్లినంత దూరం నివేదిక వెళ్లలేదు.

నాకు తెలిసిన ఒక చిన్న కొట్టాయనకు ఇలాంటిదే జరిగింది. ఊరి పేరు చెప్పను. ఆయన ఖీమాలో ఏదో కలుపుతున్నాడని ఎవరో ఫోన్లలో తిప్పారు. నమూనా తీసి మా దగ్గరికి పంపారు. విప్పితే ఫార్మలిన్ వాసన. చెడిపోకూడదని పాపం ఎవరో పోశారు. ఫార్మలిన్ డీఎన్‌ఏను ప్రొటీన్లతో ముడివేసి బిగించేస్తుంది. మూడుసార్లు చేశాం, నకలు రాలేదు. అప్పటికి కొట్టులో సరుకు ఉన్నది ఉన్నట్టే పారేశారు, ఇంకో నమూనాకు దారి లేదు. "తేల్చలేం" అని రాసి పంపాను. రాయగలిగింది అంతే. ఆయన కొట్టు ఆ తరవాత ఆరు నెలలు కూడా నడవలేదు. తప్పు చేశాడో లేదో నాకిప్పటికీ తెలియదు. చేయకపోతే మాత్రం ఆయన్ను కాపాడే ముక్క నా చేతిలోనే ఉండి పనికిరాకుండా పోయింది. అందుకే నమూనా గురించి ఇంత పట్టుబడతాను.

ఆహార భద్రతా చట్టం, 2006లో 40వ సెక్షన్ ఉంది. కొన్న మాంసాన్ని మీరే రుసుము కట్టి విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకోవచ్చు. పరీక్షకు పంపుతున్నానని కొనేటప్పుడే కొట్టువాళ్లకు చెప్పాలి. నిబంధనలకు విరుద్ధంగా ఉందని తేలితే కట్టిన రుసుము తిరిగి ఇస్తారు. అధికారి తీసిన నమూనా అయితే నాలుగు భాగాలు చేస్తారు. కొట్టువాళ్లు అడిగితే అందులో ఒక భాగం గుర్తింపు ఉన్న ఇంకో ప్రయోగశాలకు వెళుతుంది. ఈ హక్కు మీకుందని చాలామంది కొట్లవాళ్లకే తెలియదు. డీఎన్‌ఏ పరీక్ష అన్ని ఆహార ప్రయోగశాలల్లోనూ ఉండదు. ముందే కనుక్కుని, ఏ ఏ జీవుల కోసం చూడాలో కాగితం మీద రాసి ఇవ్వండి. "కల్తీ ఉందేమో చూడండి" అని రాస్తే అది ప్రశ్న కాదు.

వెనక నుంచి ఎవరో చెయ్యెత్తారు. చెప్పండి అన్నా.

(సభలో ఒక మాంసం వ్యాపారి: "అమ్మా, నా కొట్టులో చింత మొద్దు ఒకటే. మేక అయినా గొర్రె అయినా దానిమీదే కొడతాం. మిషను కూడా ఒకటే. మీ పరీక్షలో రెండూ వస్తే నేను దొంగనా?")

మంచి ప్రశ్న. ఇవాళ ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఇదే. పరీక్ష చాలా సున్నితం. మొద్దు సందుల్లో ఇరుక్కున్న పీచు కూడా దానికి దొరుకుతుంది. ఐరోపావాళ్లకూ ఇదే సమస్య వచ్చింది. 2013లో ఒక శాతం దగ్గర గీత గీసుకున్నారు. అంతకు పైన ఉంటే కావాలని కలిపినట్టుగానో, పెద్ద నిర్లక్ష్యంగానో చూశారు, తక్కువైతే కత్తికి, మిషనుకు అంటిందనుకున్నారు. ఆ శాతం లెక్కగట్టడం కూడా అంత తేలిక కాదు. మైటోకాండ్రియా ప్రతులు కండలో ఒకలా, కార్జంలో ఒకలా ఉంటాయి. కాబట్టి ఉంది, లేదు అన్నదాంట్లో మేం ఎంత గట్టిగా నిలబడతామో, ఎంత ఉంది అన్నదాంట్లో అంత గట్టిగా నిలబడలేం. లేశమాత్రం దొరికినంత మాత్రాన ఎవరినీ దొంగ అనడానికి వీల్లేదు. మన మార్కెట్లో మటన్ అంటే మేకైనా కావచ్చు, గొర్రైనా కావచ్చు. పొట్టేలు అని ప్రత్యేకంగా చెప్పి అమ్మితే మాత్రం ఆ మాటకు మీరు కట్టుబడాలి. మిషన్ను రకం మారినప్పుడల్లా విప్పి వేడినీళ్లతో కడగండి. మొద్దును గీకి ఉప్పు రాసి రుద్దే పద్ధతి మీ పెద్దవాళ్లదే, దాన్ని వదలకండి.

(అదే వ్యాపారి: "అయితే మా కొట్టు ఖీమా మేమే పంపొచ్చా?")

తప్పకుండా పంపండి. ఖీమా కుప్పలో మూడు చోట్ల నుంచి, ఒక్కోటి బొటనవేలంత తీయండి. ప్రతిసారీ కడిగిన చెంచా వాడండి. మూడింటినీ మూడు కొత్త కవర్లలో పెట్టి ఐసు పెట్టెలో, అదే రోజు బయల్దేరేలా చూడండి. దూరం ఎక్కువైతే స్వచ్ఛమైన ఆల్కహాల్‌లో ముంచండి, ఫార్మలిన్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. కవరు మీద తేదీ, వేళ, మీ సంతకం ఉండాలి. ఆ పూట మీ కొట్టుకు కొనడానికి వచ్చినవాళ్లలో ఒకరి చేత కూడా సంతకం పెట్టించండి.